ఏసీలో సిద్దికా పెట్టిన రెండో మిషను

గుంటూరు చుట్టుపక్కల ఏసీ అంటే గది చల్లబరిచే పెట్టె కాదు, మిరపకాయలు దాచుకునే కోల్డ్ స్టోరేజీ. ధర నచ్చక మిర్చి యార్డు నుంచి బండి వెనక్కి తిప్పుకున్న రైతును కాయలేం చేశావని అడిగితే "ఏసీలో పెట్టా" అంటాడు. నల్లపాడు దాటాక రోడ్డుకు ఎడమచేతి వైపు అలాంటి ఏసీ ఒకటుంది. నాలుగంతస్తులు, కిటికీల్లేని గోడలు, ముందు లారీలు తిరగడానికి పెద్ద సిమెంటు గచ్చు. డెబ్బై వేల బస్తాలు పడతాయి. దాని యజమాని చెంచురామయ్య. అక్కడ బస్తాలు మోసే హమాలీ ముఠాలు రెండు. ఒక ముఠాకు యలమందయ్య మేస్త్రీ, రెండో ముఠాకు మొహిద్దీన్ బాషా. ఈ బాషా పెద్దకూతురే సిద్దికా.

బాషా సంతకం తప్ప మరేమీ రాయలేడు. కానీ తన ముఠా ఎక్కించిన ప్రతి లాటూ, అంటే ఒక్కో రైతు ఒకసారి తెచ్చిపెట్టిన బస్తాల మొత్తం, ఏ అంతస్తులో, ఏ వరసలో, ఏ గోడ వైపు ఉందో అతని తలలో ఉండేది. సిద్దికాకు ఆ జ్ఞాపకశక్తి వచ్చింది గానీ గొంతు రాలేదు. తండ్రి గచ్చు మీద నిలబడి అరిస్తే నాలుగో అంతస్తులో ఉన్నవాడు పలికేవాడు. కూతురు ఎదురుగా కూర్చుని మాట్లాడినా "ఏంటమ్మా?" అని రెండోసారి అడగాల్సి వచ్చేది.

గుంటూరులోనే బీఎస్సీ కంప్యూటర్స్ చదివింది, తర్వాత ఎంసీఏ. జావా నేర్పే ఇన్‌స్టిట్యూట్లు అప్పట్లో బ్రాడీపేటలో సందుకొకటి ఉండేవి. సిద్దికాతో పాటు కోర్సు చేసినవాళ్ళలో సగం మంది హైదరాబాదు బస్సెక్కారు. సిద్దికా ఎక్కలేదు. హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కోవడానికి తల్లి కరీమున్ ఒప్పుకోలేదు, సిద్దికా కూడా పట్టుబట్టలేదు. ఏడాదిపాటు అదే ఇన్‌స్టిట్యూట్లో పాఠాలు చెప్పింది. ఆమె బోర్డు మీద రాసింది రాసినట్టు ఎక్కించుకుంటే చాలు, ప్రోగ్రాం నడిచి తీరుతుందని ముందు బెంచీల వాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. వెనక బెంచీల వాళ్ళకు ఆమె ఏం చెబుతోందో చివరిదాకా వినపడేది కాదు.

అలా ఉండగా 2003 చివర్లో ఒకరోజు చెంచురామయ్య బాషాను ఆఫీసు గదిలోకి పిలిచాడు.

"ఏం బాషా, మీ అమ్మాయి కంప్యూటర్లు చదివిందంటగా. మన ఏసీకో వెబ్‌సైటు పెడుద్దా?"

"పెడుద్దేమోనండి. అడిగి చెబుతా."

"అసలు వెబ్‌సైటంటే ఏంటో తెలుసా నీకు?"

"మీకు తెలిస్తే చాలు గదండీ," అన్నాడు బాషా.

చెంచురామయ్యకు తెలిసింది కొంతే, కానీ ఏం కావాలో మాత్రం బాగా తెలుసు. కాయలు అమ్ముకోవాలనుకున్న రైతు ముందురోజు సాయంత్రంలోగా తన లాటులో ఇన్ని బస్తాలు దించి పెట్టమని ఏసీలో చెప్పాలి. అప్పుడే తెల్లవారేసరికి అవి యార్డుకు చేరతాయి. ఆ ఒక్కమాట చెప్పడానికి పర్చూరు నుంచి, అద్దంకి నుంచి రైతులు బస్సులెక్కి వస్తున్నారు. వాళ్ళ ఊళ్ళలో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చేశాయి. అక్కడ కూర్చునే ఆ మాట చెప్పే వీలుంటే, పక్క ఏసీకి పోయే రైతు కూడా ఇటే వస్తాడని ఆయన ఆలోచన.

సిద్దికా చేరింది. ఏసీని చల్లబరిచే అమోనియా కంప్రెసర్ల పక్కనున్న పాత సామాన్ల గది ఖాళీ చేసి ఇచ్చారు. ఆ గదిలో అన్నిటికన్నా పెద్ద శత్రువు మిరప దుమ్ము. లారీ వచ్చినప్పుడల్లా తలుపు సందులోంచి లోపలికి వచ్చి, కంప్యూటరు ఫ్యానులో ఎర్రగా పేరుకుపోయేది. వారానికోసారి మూత విప్పి, మొహానికి చున్నీ చుట్టుకుని, పెయింటు కుంచెతో దులపాలి. దులిపాక పావుగంట తుమ్మాలి.

పని రెండు భాగాలుగా ఉండేది. బయటి నుంచి వచ్చే ప్రతి రిక్వెస్టూ ముందు అపాచీ అనే వెబ్ సర్వర్ దగ్గరికి వస్తుంది. ఏసీ ఫొటోలు, ఫోన్ నంబర్లు, దారి చెప్పే పేజీ లాంటి మారని వాటిని అది తనే ఇచ్చేస్తుంది. ఫలానా లాటు ఎక్కడుంది, రేపటికి పది బస్తాలు దించండి అనే వాటికి మాత్రం జావా ప్రోగ్రాం నడవాలి. ఆ ప్రోగ్రాం నడిపేది టామ్‌క్యాట్ అనే ఇంకో సర్వర్. అపాచీ అలాంటి వాటిని లోపల ఉన్న టామ్‌క్యాట్‌కు అందించి, అది ఇచ్చిన జవాబు తెచ్చి బయటి మనిషికి ఇవ్వాలి. ఈ రెంటినీ కలపడానికి ఒక చిన్న ఫైలు రాయాలి. టామ్‌క్యాట్ ఏ మిషన్లో ఉంది, దాన్ని ఏ పోర్టులో, అంటే ఏ తలుపు దగ్గర పిలవాలి, దానికి ఏయే పేజీలు పంపాలి, అంతే. ఇరవై పంక్తులు దాటని ఆ ఫైలుతో సిద్దికాకు పదకొండు రోజులు పట్టింది. మొదటి నాలుగు రోజులు అపాచీ అసలు లేవలేదు. తర్వాత లేచింది గానీ, లాటు వివరాలు చూపించాల్సిన చోట సిద్దికా రాసిన జావా ప్రోగ్రామునే యథాతథంగా తెర మీద పరిచింది. దాన్ని లోపలికి పంపకుండా, మారని పేజీ అనుకుని తనే ఇచ్చేసిందన్నమాట.

కొత్తగా చేరిన గుమస్తా శివరామకృష్ణ అది చూసి, "ఏంటమ్మా ఇది, రైతులకి ఇంగ్లీషు పాఠాలు మొదలెట్టావా?" అన్నాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం లాటు నంబరు కొడితే రైతు పేరు, అంతస్తు, వరస వచ్చాయి. సిద్దికా ఎవరికీ చెప్పలేదు. బయటికి వెళ్ళి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చి, ఇంకో లాటు నంబరు కొట్టి చూసింది.

ఆ ఏడాది, అంటే 2004లో, అంతా బాగా నడిచింది. రైతు కంప్యూటర్లో ఆర్డరు పెడితే ఇక్కడ చీటీ దానంతటదే ప్రింటయ్యేది. చీటీ మీద రైతు పేరు, బస్తాల సంఖ్య, అంతస్తు, ఆ లాటును లోపల పేర్చిన ముఠా పేరు ఉండేవి. శివరామకృష్ణ చేయాల్సిందల్లా చీటీ చించి, దాని మీద ఉన్న ముఠా మేస్త్రీ చేతికివ్వడమే.

తర్వాతి ఏడాదికి చిక్కొచ్చింది. వెబ్‌సైటు సంగతి ఊళ్ళల్లో పాకింది. ఏప్రిల్ నాటికే పొద్దున్న పదయ్యేసరికి టామ్‌క్యాట్ ఊపిరాడక చతికిలబడేది. పేజీ తెరుచుకునేలోపు రైతు చుట్ట కాల్చుకుని రావచ్చు. మేలో యార్డుకు వేసవి సెలవులు. జూన్‌లో యార్డు తెరిచిన రోజు అందరూ ఒక్కసారే మీద పడతారని సిద్దికాకు తెలుసు. చెంచురామయ్యను అడిగి రెండో మిషను కొనిపించింది. దాని మీద ఇంకో టామ్‌క్యాట్ పెట్టింది. ఇక బయట అపాచీ ఒకటే, లోపల పని చేసేవి రెండు. ఏ రిక్వెస్టు ఏ మిషనుకు పోవాలో ఆ చిన్న ఫైలులోనే రాయాలి.

ఆ సాఫ్ట్‌వేరుతో పాటు వచ్చిన నోట్సులో, మామూలుగా ఒక మనిషి ఏ మిషనుతో మొదలుపెడితే చివరిదాకా ఆ మిషనుకే పంపుతామని ఉంది. వద్దనుకుంటే ఒక్క పంక్తి రాసి ఆ పద్ధతి ఆపేయవచ్చనీ ఉంది. సిద్దికా అక్కడ ఆగి ఆలోచించింది. ఒక మిషను మీద పది మంది పడి, రెండోదానికి ఇద్దరే దొరికితే ఏమవుతుంది? పక్షపాతం అవుతుంది. పుట్టిన దగ్గర్నుంచి ఇంట్లో ఆమె ఎక్కువసార్లు విన్న మాట వంతు. ఏసీ గేట్లోకి వచ్చిన మొదటి లారీ బాషా ముఠాది, రెండోది యలమందయ్య ముఠాది, మూడోది మళ్ళీ బాషాది. వంతు తప్పిందంటే గొడవే. ఒక ఏడాది వంతు తప్పించారని రెండు ముఠాలూ పూటంతా పని ఆపేస్తే, లారీలు రోడ్డు మీద కిలోమీటరు దూరం నిలిచిపోయాయి. అందుకని సిద్దికా ఆ ఒక్క పంక్తీ రాసి, అంటిపెట్టుకునే పద్ధతిని ఆపేసింది. ఒకటి దీనికి, ఒకటి దానికి. ఎవరికీ అన్యాయం లేదు. తను రాసిన ఫైలు మొత్తంలో ఆమెకు బాగా నచ్చిన పంక్తి అదే.

పరీక్షలు కూడా చేసింది. లాటు ఎక్కడుందో చూపించే పేజీని అపాచీ ద్వారా వందసార్లు తెరిచింది. ఒకసారి మొదటి మిషను, ఒకసారి రెండోది, గడియారంలా జవాబిచ్చాయి. పేరు, పాస్‌వర్డు అడిగి, నాలుగు పేజీలు నింపించుకునే ఆర్డరు ఫారాన్ని మాత్రం ఏ మిషనుకు ఆ మిషను దగ్గర విడిగా పరీక్షించింది. రెంటిలోనూ బాగానే ఉంది.

జూన్‌లో యార్డు తెరిచిన సోమవారం, పొద్దున్న తొమ్మిదిన్నరకు మొదటి ఫోను వచ్చింది. అద్దంకి వైపు నుంచి ఎవరో రైతు.

"పేరు కొట్టా. పాస్‌వర్డు కొట్టా. లోపలికి రానిచ్చింది. లాటు నంబరు కొట్టేసరికి మళ్ళీ నీ పేరేంటని అడుగుతోంది. మళ్ళీ కొట్టా, మళ్ళీ అడిగింది. ఏవమ్మా, ఇప్పుడేగా చెప్పింది, నేనెవరో మీ కంప్యూటరుకి గుర్తుండదా?"

పదకొండయ్యేసరికి అలాంటి ఫోన్లు నలభై వచ్చాయి. కొందరికి ఆర్డరు మూడో పేజీ దాకా పోయి ఆగింది. కొందరికి అదృష్టం బాగుండి మొత్తం పూర్తయింది. సిద్దికా తనే కూర్చుని ప్రయత్నించింది. ఒకసారి అయింది, మూడుసార్లు కాలేదు. శివరామకృష్ణ చీటీల పుస్తకం బయటికి తీసి, ఫోను చెవికి ఆనించుకుని, చేత్తో రాయడం మొదలుపెట్టాడు. కొంతమంది రైతులు మళ్ళీ బస్సెక్కి వచ్చేశారు.

బుధవారం నాడు చెంచురామయ్య ఆ గది గుమ్మంలో నిలబడ్డాడు. దుమ్ముకు భయపడి లోపలికి రాడు.

"అమ్మాయ్, మూడు రోజులయింది. రైతులు యార్డులో నా పరువు తీస్తున్నారు. వచ్చే సోమవారం దాకా చూస్తా. అప్పటికీ ఇట్టాగే ఉంటే మిషన్లు కట్టేసి పాత పద్ధతిలో చీటీలు రాసుకుందాం. నిన్ను పొమ్మననులే, బాషా కూతురివి. ఫోను దగ్గర కూర్చుని రైతులు చెప్పింది రాసుకుందువు గాని."

కోపంగా అనలేదు. దయగానే అన్నాడు. సిద్దికాకు గుచ్చుకుంది ఆ దయే. ఫోను దగ్గర కూర్చోవడం అంటే పొద్దుగూకులూ అరిచి మాట్లాడటం. అది తన వల్ల కాదని ఆయనకూ తెలుసు, తనకూ తెలుసు. అయినా బాషా కూతురు కాబట్టి ఉండనిస్తారు. రెండేళ్ళుగా తన పనిని చూసి తనను ఉంచుకున్నారనుకుంది. సోమవారం తర్వాత తండ్రి మొహం చూసి ఉంచుకుంటారు. ఆ తేడా ఇంట్లో ఎవరికి చెప్పినా అర్థం కాదు. కరీమున్ అయితే, "నీడ పట్టున కూర్చునే పనేగా, ఏదైతే ఏంటి?" అంటుంది. అందుకే చెప్పలేదు.

గురువారం, శుక్రవారం ఆమె చేయని ప్రయత్నం లేదు. ఒక మిషను ఆపేస్తే అంతా బాగానే నడుస్తోంది, కానీ పదింటికి చతికిలబడుతోంది. దాన్ని ఆపి రెండోది ఒక్కటే పెట్టినా అంతే. రెండూ కలిపి పెడితే మాత్రం మనుషుల్ని మరిచిపోతున్నాయి. కేబుళ్ళు మార్చింది. గడియారాలు తేడాగా ఉన్నాయేమోనని రెంటిలోనూ టైము సరిచేసింది. రైతుల వివరాలుండే డేటాబేసును అనుమానించింది. ప్రోగ్రాములో ఆర్డరు ఫారం ముక్కను మొత్తం మళ్ళీ రాసింది. ఆ వంతు పంక్తి వైపు మాత్రం చూడలేదు. అది తెలియక రాసింది కాదు, ఆలోచించి న్యాయంగా ఉండాలని రాసింది. అలాంటి చోట తప్పుంటుందని ఎవరికి తోస్తుంది?

శనివారం పదకొండు గంటలప్పుడు చేయగలిగిందేమీ కనిపించక, మిషను మూత విప్పి కుంచెతో ఫ్యాను దులుపుతోంది. బయట గచ్చు మీద కేకలు మొదలయ్యాయి. ముఠాల కేకలు ఆమెకు కొత్త కాదు గానీ, వాటిలో తండ్రి గొంతు వినపడి, కుంచె చేతిలో ఉండగానే గుమ్మంలోకి వచ్చింది.

యలమందయ్య, అతని ముఠాలో ఆరుగురు మెట్లు దిగి వచ్చి నిలబడి ఉన్నారు. గోనెసంచులు కప్పుకున్నా లోపలి చలికి పెదాలు నల్లబడ్డాయి. ఎదురుగా చీటీల పుస్తకంతో శివరామకృష్ణ. ట్రక్కు పక్కన ఒక రైతు నెత్తిన చెయ్యి పెట్టుకుని ఉన్నాడు.

"గుమస్తా గారూ, ఈ లాటు దింపమని చీటీ ఇచ్చావు. ఎక్కడుందో అది కూడా చీటీ మీద రాయకపోయావా!" అంటున్నాడు యలమందయ్య. "మూడో అంతస్తంతా గంటసేపు తిరిగాం. చివరికి ఇవే అనుకుని ఎనిమిది బస్తాలు మోసుకొస్తే, ఈయన నా కాయలు కాదంటున్నాడు."

"నా కాయలు కావు మరి! నేను పెట్టింది తేజ రకం. ఇవి బ్యాడిగి," అన్నాడు రైతు.

"నన్నంటే నేనేం చేసేది?" శివరామకృష్ణ గొంతు కూడా లేచింది. "మొదటి చీటీ బాషా వాళ్ళకిచ్చా. రెండోది నీకిచ్చా. మూడోది బాషాకి. వంతు ప్రకారమే ఇచ్చా. వంతు తప్పిస్తే మళ్ళీ ఇద్దరూ కలిసి నా మీదికే వస్తారుగా!"

అప్పటిదాకా చేతులు కట్టుకుని చూస్తున్న బాషా ముందుకొచ్చాడు. "అయ్యా, ఈ లాటు పేర్చింది మావాళ్ళు. నాలుగో అంతస్తు, దక్షిణం గోడ, లోపలి వరస. దాని ముందు ఇంకో రెండు లాట్లున్నాయి, వాటిని పక్కకు జరిపితే గాని రాదు. ఇది యలమందకి ఎట్టా తెలుసుద్ది?"

"మరి వంతంటారేంటి మీరు?"

"వంతు లారీకండీ, బస్తాకి కాదు. లారీ గేట్లోకొచ్చేదాకే వంతు. నీదా నాదా అని అక్కడ తేలిపోవాల. ఒకసారి లాటు మా చేతికొచ్చిందంటే బయటికి పోయేదాకా మాదే. బస్తా బస్తాకీ వంతులేస్తే ఒకడు పెట్టింది ఇంకోడు వెతుక్కుంటా తిరగాల. ఏరా యలమందా, అంతేనా కాదా?"

"అంతేలే గానీ, నీ గొంతు తగ్గించరా బాబూ," అన్నాడు యలమందయ్య. "అసలే గంటసేపు చలిలో ఉండొచ్చా, చెవులు రాలిపోయేట్టున్నాయి. నువ్వట్టా అరిచే నీ కూతురికి మాటల్లేకుండా చేశావు."

గచ్చు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. రైతు కూడా నవ్వాడు. శివరామకృష్ణ నవ్వలేదు. "నాకెవరూ చెప్పలేదు. రెండేళ్ళ నుంచీ ముఠా పేరు కంప్యూటరే వేసి ఇచ్చేది. నేను చించి ఇవ్వడమేగా," అన్నాడు చిన్నబుచ్చుకుని.

ఆ మాట గుమ్మంలో నిలబడ్డ సిద్దికా చెవిన పడింది. ముఠా పేరు వేసే ఆ ముక్క రాసింది తనే. లాటు ఎవరు పేర్చారో వాళ్ళ పేరే చీటీ మీద రావాలని, తండ్రిని అడగకుండానే రాసింది. అది ఎవరైనా చెప్పాల్సిన సంగతి కాదు, చిన్నప్పటి నుంచీ తెలిసిందే. చీటీ విషయంలో తెలిసిన సంగతి మిషన్ల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోయింది? పేరు, పాస్‌వర్డు చెప్పి లోపలికి వచ్చిన రైతు ఒక లారీ. అతను నింపే నాలుగు పేజీలు ఆ లారీలో బస్తాలు. తను బస్తా బస్తాకూ వంతు వేసింది. పేరు అడిగి లోపలికి రానిచ్చింది ఒక మిషను, రెండో పేజీ వెళ్ళింది ఇంకోదాని దగ్గరికి. దానికి ఈ రైతెవరో ఎలా తెలుస్తుంది? మళ్ళీ పేరు అడిగింది. పాపం దాని తప్పేం లేదు.

లోపలికి వెళ్ళి మిషను మూత బిగించింది. తనకు ఇష్టమైన పంక్తిని ఫైలు లోంచి కొట్టేసింది. అపాచీని ఆపి మళ్ళీ లేపి, ఆర్డరు పెట్టి చూసింది.

పోలేదు. మళ్ళీ పేరే అడిగింది.

వారం రోజుల్లో మొదటిసారి ఆమెకు ఏడుపొచ్చింది. కానీ ఈసారి ఎటు వెతకాలో తెలుసు. నోట్సు తెరిచి ఆ భాగాన్ని మొదటి నుంచీ చదివింది. అంటిపెట్టుకునే పద్ధతి ఉంటే సరిపోదు. ఈ రైతు ఎవరి చేతిలో ఉన్నాడో అపాచీకి తెలియాలి. అందుకు ప్రతి టామ్‌క్యాట్‌కూ ఒక పేరు పెట్టాలి. లోపలికి వచ్చిన మనిషికి ఇచ్చే గుర్తు నంబరు చివర టామ్‌క్యాట్ తన పేరు తగిలించి పంపుతుంది. రైతు తర్వాతి పేజీ అడిగినప్పుడు అపాచీ ఆ చివరి పేరు చూసి, ఎవరి మనిషిని వాళ్ళ దగ్గరికే పంపుతుంది. తను అపాచీ వైపు మాత్రమే పేర్లు రాసింది, టామ్‌క్యాట్‌లకు వాటి పేర్లు చెప్పలేదు. రెండు మిషన్లలోనూ ఒక్కొక్క మాట చేర్చింది.

రెండున్నరకు శివరామకృష్ణను పిలిచింది. "మీరు ఆఫీసులో కంప్యూటరు దగ్గర కూర్చోండి. నేనిక్కడ కూర్చుంటా. ఇద్దరం ఒకేసారి ఆర్డర్లు పెడదాం."

"నా పేరుతోనా? నాకు కాయల్లేవుగా."

"ఉన్నాయనుకోండి."

సాయంత్రం దాకా ఇద్దరూ కలిసి అరవై ఉత్తుత్తి ఆర్డర్లు పెట్టారు. శివరామకృష్ణ పొద్దుటి కసితో ప్రతి ఆర్డరూ యలమందయ్య ముఠాకే వచ్చేట్టు పెట్టాడు. ఒక్కదానిలోనూ పేరు రెండోసారి అడగలేదు. సగం మొదటి మిషను చూసింది, సగం రెండోది చూసింది. ఇంటికి వెళ్ళేముందు సిద్దికా అరవై ఆర్డర్లనూ చెరిపేసింది, చెరిగాయో లేదో రెండుసార్లు చూసుకుంది.

ఇద్దరు పెడితే నడవడం వేరు, నాలుగు వందల మంది పెడితే నడవడం వేరు. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికే వచ్చి కూర్చుంది. తొమ్మిదిన్నరకు ఆర్డర్లు మొదలయ్యాయి. పదయింది. పదింబావయింది. రెండు మిషన్లూ వేడెక్కాయి గానీ ఆగలేదు. ప్రింటరు చీటీలు కక్కుతూనే ఉంది. పదిన్నరకు చెంచురామయ్య కారు దిగి, తిన్నగా ఆఫీసులోకి వచ్చి, ఏమీ అడక్కుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సిద్దికా కూడా ఆ సమయానికి ప్రింటరులో కాగితం పెట్టడానికి ఆఫీసులోకి వచ్చింది. శివరామకృష్ణ చీటీలు పంచడానికి గచ్చు మీదికి పోయాడు. అప్పుడు ఫోను మోగింది. నాలుగోసారి మోగాక, చెంచురామయ్య తన వైపే చూస్తుంటే, తప్పక సిద్దికా తీసింది.

"ఏసీయేనా? నేను సుబ్బరావమ్మనమ్మా, పర్చూరు దగ్గర్నుంచి. ఇక్కడ నెట్టు సెంటర్లో కరెంటు పోయింది. పోయిన వారం కరెంటుంది, మీది పనిచెయ్యలా. ఈ వారం మీది పనిచేస్తుంటే కరెంటు లేదు. నేనేం పాపం చేశానో!"

"చెప్పండి పిన్నీ, ఇక్కణ్ణుంచి నేను పెడతా."

"ఆఁ? ఏంటీ? గట్టిగా చెప్పమ్మా, చీమ మాట్లాడినట్టుంది!"

సిద్దికా గొంతు పెంచింది. "నేనే పెడతానంటున్నా! మీ లాటు నంబరు చెప్పండి!"

నంబరు చెప్పింది. పాస్‌వర్డు ఏమిటంటే తన గేదె పేరంది. రేపటికి ఇరవై బస్తాలంది. మూడో పేజీలో ఉండగా, "ఉండమ్మా, మా ఆయన్ని అడిగి చెబుతా" అని ఫోను పక్కన పెట్టి వెళ్ళిపోయింది. అవతల కోళ్ళ అరుపులు, ఎవరో ఎవరినో కేకలేయడం వినపడుతోంది. సిద్దికా ఆగింది. తెర మీద ఆర్డరు సగంలో నిలిచి ఉంది. చెంచురామయ్య లేచి వచ్చి ఆమె వెనక నిలబడి తెర చూస్తున్నాడు. నిమిషం, రెండు నిమిషాలు, నాలుగు నిమిషాలు. ఈలోగా ప్రింటరు మరో తొమ్మిది చీటీలు కక్కింది.

"అమ్మా, ఇరవై వద్దంట. పన్నెండు చాలంట. మళ్ళీ మొదట్నుంచీ కొట్టాలా ఏంటి?"

"అక్కర్లేదు పిన్నీ." ఇరవై తీసి పన్నెండు కొట్టింది. నాలుగో పేజీ తెరుచుకుంది. పేరు అడగలేదు. ఆర్డరు నంబరు వచ్చింది, వెనకే చీటీ కూడా. చీటీ మీద బాషా ముఠా అని ఉంది.

సిద్దికా ఫోను పెట్టేసింది. చెంచురామయ్య ఆ చీటీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. శివరామకృష్ణ లోపలికి రాగానే, "ఆ రాత పుస్తకాలు తీసుకెళ్ళి బీరువాలో పెట్టెయ్యవయ్యా," అన్నాడు. తర్వాత సిద్దికా వైపు తిరిగాడు. ఆయన మొహం తేటపడింది.

"ఫోను కూడా బాగానే మాట్లాడుతున్నావే! మిషన్లెట్టాగూ వాటంతటవి నడుస్తున్నాయిగా. రోజూ పొద్దుటిపూట ఈ ఫోను కూడా నువ్వే చూసుకోరాదూ?"

మెప్పుకోలుగానే అన్నాడు. ఇంకోరోజైతే సిద్దికా తల ఊపేదే.

"చూసుకోనండి," అంది.

ఆయనకు వినపడనట్టుంది. "ఏంటమ్మా?"

"ఫోను నేను చూసుకోనండి. అవి వాటంతటవి నడవవు, నేను చూస్తుంటేనే నడుస్తాయి. ఫోనుకి ఇంకెవరినైనా పెట్టండి."

సుబ్బరావమ్మతో మాట్లాడిన గొంతు ఇంకా తగ్గలేదేమో, ఆ మాట గచ్చు మీదిదాకా వినపడింది. చెంచురామయ్య ఒక క్షణం చీటీ వంకా ఆమె వంకా చూశాడు.

"సరే, ఎవరినన్నా చూద్దాంలే," అన్నాడు.

సిద్దికా ప్రింటరులో కాగితం సర్ది తన గదికి బయల్దేరింది. వెనక మళ్ళీ ఫోను మోగింది. ఆమె ఆగలేదు. మూడోసారి మోగుతుండగా శివరామకృష్ణ బీరువా తలుపు అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చి తీశాడు.